నది దాటితే ముద్దాయి

డెలావేర్ నది ఒకచోట కొండల వరసను నిలువునా కోసుకుంటూ పోతుంది. ఇటు గట్టున న్యూజెర్సీ వాళ్ళ టామనీ కొండ, అటు గట్టున పెన్సిల్వేనియా వాళ్ళ మిన్సీ. రెండూ 1,500 అడుగులకు కాస్త అటూ ఇటూ. రెండూ ఒకే జాతీయ వినోద ప్రాంతంలోవి. అయినా పెన్సిల్వేనియా లైసెన్సు జేబులో వేసుకుని, పిస్టల్ ఒంటికి కట్టుకుని మిన్సీ ఎక్కినవాడు మర్యాదస్తుడు. అదే పిస్టల్‌తో వంతెన దాటి టామనీ ఎక్కితే ముద్దాయి. 2010 ఫిబ్రవరి నుంచి జాతీయ పార్కుల నేల మీద ఆయా రాష్ట్రాల తుపాకీ చట్టమే చెల్లుతోంది. న్యూజెర్సీయేమో పొరుగువాళ్ళ పర్మిట్ దేన్నీ లెక్కచెయ్యదు. అపలేచియన్ ట్రైల్ ఆ వంతెన మీదుగానే పోతుంది కాబట్టి కాలినడకన వచ్చేవాడికి నది నడిమధ్యలో చట్టం మారిపోతుంది.

న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే నాకు ఇదంతా మా తోడల్లుడి వల్ల తెలిసింది. అతను పెన్సిల్వేనియా అలెన్‌టౌన్‌లో ఉంటాడు, సిటిజన్. షెరీఫ్ ఆఫీసులో 20 డాలర్లు కట్టి ఐదేళ్ళ లైసెన్సు తెచ్చుకున్నాడు. నాకు తుపాకీ మీద మోజు లేదు, భక్తి అంతకన్నా లేదు. కానీ అతని చేతిపని చూడటం ఇష్టం. బ్యాక్‌ప్యాక్ బెల్టు నడుముకు బిగించాక అక్కడ హోల్‌స్టర్‌కు చోటుండదు, అందుకని ఛాతీ మీద కట్టుకుంటాడు. ఇంటికొచ్చాక ముందు మ్యాగజైన్ ఊడదీసి, స్లైడు వెనక్కి లాగి, లోపల తూటా మిగిలిందేమో చూస్తాడు. చూసింది చాలక చిటికెన వేలు పెట్టి తడుముతాడు. ఆ తర్వాతే చెమట తగిలిన చోటల్లా నూనె గుడ్డతో తుడుస్తాడు. పక్కన ఎవరేం అడిగినా ఆ కాసేపు బదులివ్వడు.

నాతో టామనీకి వచ్చేటప్పుడు మాత్రం ఆ పిస్టల్ అలెన్‌టౌన్ బీరువాలోనే ఉంటుంది. "డిక్కీలో తాళమేసి తెచ్చుకోవచ్చుగా" అన్నాను. "చేరే చోట కూడా చెల్లాలి కదన్నయ్యా" అన్నాడు. 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రయాణంలో ఉన్నవాడికి రక్షణ ఇస్తుంది గానీ, బయల్దేరిన చోటూ చేరే చోటూ రెండింట్లోనూ అతను తుపాకీ పెట్టుకోవడం చట్టబద్ధమై ఉండాలి. తూటాలు తీసేయాలి. తుపాకీ, తూటాలు రెండూ బండిలో కూర్చున్నవాళ్ళ చేతికి అందకూడదు. డిక్కీ లేని బండైతే తాళం వేసిన పెట్టె కావాలి, గ్లవ్ బాక్సు పనికిరాదు. పర్మిటే అడగని వెర్మాంట్‌కు వెళ్ళేటప్పుడు అతను ఇలాగే మా రాష్ట్రం దాటిపోతాడు, మా ఇంట్లో కాఫీకైనా ఆగడు. మా ఆవిడ నొచ్చుకుంటుంది గానీ, అతను చేసేది సబబే. 2005లో యూటా నుంచి అలెన్‌టౌన్‌కే వస్తున్న ఒకాయనకు మా న్యూజెర్సీ నెవార్క్‌లో విమానం తప్పిపోయింది. పెట్టెతో సహా హోటల్లో పడుకుని, పొద్దున ఎయిర్‌పోర్టుకొచ్చి తుపాకీ ఉందని తానే చెప్పాడు. అరెస్టు చేశారు. రాత్రంతా పెట్టె అతని చేతికి అందుబాటులో ఉంది కనుక ఆ చట్టం కాపాడదని 2010లో అప్పీలు కోర్టు తేల్చింది. 2013లో ఫిలడెల్ఫియా ఆవిడ ఒకరు న్యూజెర్సీలో కారాపిన పోలీసుకు తన దగ్గర తుపాకీ ఉందని తానే చెప్పింది. మూడున్నరేళ్ళ జైలు మీదికొచ్చింది. 2015లో గవర్నర్ క్షమాభిక్ష పెడితే గానీ ఆ మరక పోలేదు. ఇద్దరూ నిజం చెప్పినవాళ్ళే, గమనించండి.

మరి ఎలుగొస్తే? "ఇది ఎలుగుల కోసం కాదన్నయ్యా, చీకటిపడ్డాక పార్కింగ్ లాట్ కోసం" అంటాడు తోడల్లుడు. ఎలుగుకు తుపాకీ విరుగుడనే నమ్మకం నాకూ లేదు. 2014 సెప్టెంబరులో వెస్ట్ మిల్‌ఫర్డ్ అడవిలో మా ఎడిసన్ కుర్రాడే, రట్గర్స్ విద్యార్థి, నల్ల ఎలుగు దాడిలో చనిపోయాడు. ఎలుగు వెంబడించేసరికి ఐదుగురు మిత్రులూ తలోదిక్కు పరిగెత్తారు. అలాంటప్పుడు పరిగెత్తకూడదని, గట్టిగా మాట్లాడుతూ మెల్లగా వెనక్కి నడవాలని ఆ పిల్లలకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అలాస్కా ఘటనలను పరిశీలించిన పరిశోధకులు ఎలుగుల మీద మిరప స్ప్రే పదింట తొమ్మిదిసార్లు పనిచేసిందని 2008లో తేల్చారు. తుపాకీ ఉన్నవాళ్ళు దాన్ని వాడినా వాడకపోయినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2012లో రాశారు.

ఇక మన పిల్లలకు ఒక మాట. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. 2022 నుంచి దానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. దేశం నుంచి పంపేయడానికి కూడా ఆ కేసు చాలు. కొండ మీద స్నేహితుడెవరైనా "పట్టుకోరా, ఫోటో తీస్తా" అన్నా చెయ్యి చాపకండి.