గతంలో ఒక్క దినం

దళితుల ఆత్మకథనాలు వచ్చినప్పుడల్లా అగ్రవర్ణ విమర్శకులు ఒక మాట అంటుంటారు: అంతా ఒకటే గోస, వివరం లేదు, నినాదం లెక్క ఉంది. శిల్పం రానోళ్లం గనుక అట్లా రాస్తున్నామని వాళ్ల లెక్క. శిల్పం సంగతి తర్వాత. మనిషికి తన బతుకు ఎట్లా యాదికుంటది, ఎప్పుడు యాదికి రాదు అన్నది ముందు తేల్చాలె.

మన రాతల్లో క్రియల్ని పట్టి చూడండి. ‘బయట నిలబెట్టేటోళ్లు’, ‘తిట్టేటోళ్లు’, ‘పస్తులుండేటోళ్లం’. ‘ఫలానా దినం నిలబెట్టిండు’ అన్నది తక్కువ. వందల దినాలు ఒక్క మూట అయిపోయి ఉంటాయి.

1986లో ఇంగ్లండులో మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ అనే మనస్తత్వ పరిశోధకులు ఇట్లాంటి మూటనే చూశారు. మందులు ఎక్కువ మింగి చావు దాకా పోయి బతికినోళ్లకు ఒక్కొక్క మాట ఇచ్చి, దానితో యాదికొచ్చే ఒక్క సంఘటన చెప్పమన్నారు. ‘జాతర్ల అక్క నాకు బూర కొనిచ్చిన దినం’ అంటే సంఘటన. ‘చిన్నప్పుడు జాతరకు పోయేటోళ్లం’ అంటే మూట. వాళ్లకు మూటలే ఎక్కువ వచ్చాయి. మంచి మాటలు ఇచ్చినప్పుడు మరీ. డిప్రెషన్ ఉన్నోళ్లలో ఇదే కనబడుతుందని తర్వాత ఎన్నో పరిశోధనలు చెప్పాయి. జ్ఞాపకం చెరిగిపోయిందని కాదు. ఒక దినం దాకా దిగబోయిన మనసు నడుమనే ఆగిపోతది. అదే దుఃఖాన్ని తిప్పితిప్పి తలుచుకునుడు ఒక కారణం. నొప్పి తగిలే చోటికి పోకుండా తప్పించుకునుడు ఇంకొకటి. వెతికే ఓపిక లేకపోవుడు కూడా.

మోర్తాడ్‌లో మా అమ్మ బీడీలు చేసింది. నాయిన దుబాయి పోయిండు, శవమై వచ్చిండు. ఆ తర్వాత ఎన్నో ఏండ్లు ఆమెను ఏది అడిగినా ‘గట్లనే ఉండేటిది బిడ్డా’ అన్నదే జవాబు. నా చిన్నతనం అడిగినా గంతే. ఒకనాడు ఆకు కత్తిరించే కత్తెర చూపించి, ఇది యాడ కొన్నవే అన్నా. ఆర్మూర్ అంగడి, వాన, బస్సు కోసం నిలబడ్డ చింతచెట్టు, మిగిలిన పైసలతో నాకు కొనిచ్చిన చెరుకుగడ, అన్నీ వచ్చాయి. నాయిన గొడుగు పట్టిండట. ఆ గొడుగు సంగతి మా ఇంట్ల అంతకు ముందు ఎవరికీ తెల్వదు. కత్తెరతో రోగం పోయిందని అంటలేను. మందులు వాడింది, ఇంకా వాడుతుంది.

వై.బి. సత్యనారాయణ 2011లో ఇంగ్లీషులో తెచ్చిన ‘మై ఫాదర్ బాలయ్య’ వేరే తీరు. కరీంనగర్ జిల్లా వంగపల్లి నుంచి రైల్వే పనిలోకి వచ్చిన కుటుంబం అది. డ్యూటీ, క్వార్టరు, స్టేషన్ పేరు: జ్ఞాపకాన్ని తగిలించే కొయ్యలున్నాయి. కైకిలికి పోయిన మనిషికి ఏ రిజిస్టరుంది? మరాఠీలో దయా పవార్ 1978లో ‘బలుత’ రాస్తూ తనను ఇద్దరిగా చీల్చుకుని, ఒకడు చెప్తుంటే ఇంకొకడు వినేటట్టు పెట్టిండు. అడిగేటోడుంటేనే దిగొచ్చే సంగతులుంటాయి.

అట్లని ప్రతి మూటా రోగం కాదు. హోటల్లో రెండు గ్లాసులు ఒక్కనాడు పెట్టినవి కావు, రోజూ పెట్టేటోళ్లు. అక్కడ ‘పెట్టేటోళ్లు’ అన్నదే నిజమైన క్రియ. నేను చదివేటప్పుడు ఒకటి చూస్తా: సంతోషాలు ఎట్లున్నాయి? అవమానం మూటగా ఉండి, ఈత నేర్చిన దినం, అవ్వ కొట్టిన దినం విడివిడిగా ఉంటే అది కులం చేసిన పని. సంతోషం కూడా మూటైపోతే, కులంతో పాటు ఇంకేదో కూడా ఆ మనిషిని తింటున్నదేమోనని అనుమానించాలె.

డిప్రెషన్ అనే మాట ఎత్తితే మనోళ్లే గుస్స అయితరు. కారణముంది. 2016 జనవరి 17న రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకుంటే, రూపన్‌వాల్ కమిషన్ దాన్ని అతని సొంత నిరాశ కిందికి నెట్టింది. మాటను వాళ్లు ముందుగా వాడుకున్నరని మనం వదిలేస్తే, మంచాన పడ్డ మన మనిషిని ఏమని పిలుస్తం? కులం వల్ల వచ్చిన రోగం రోగం కాకుండా పోతదా?

సంకలనాలు వేసే మిత్రులు ‘నిర్దిష్టత లేదు’ అని రాసి వాపస్ పంపే ముందు, రాసిన మనిషి దగ్గర కూసోవాలె. ఆ దినం ఎవరున్నరు, చేతిల ఏముండె, వానా ఎండా అని అడగాలె. జవాబు రాకపోతే, రాలేదనే సంగతి కూడా వ్యాసం పక్కన అచ్చెయ్యాలె.