లంటానా వేరు తెలిసిన చెయ్యి

విశాఖలో సింహాచలం కొండల అంచున ఇల్లు కట్టుకుంటే పెరట్లోకి ముందు వచ్చేది లంటానా. ఆ పొదను నరకడం ఎవరికైనా వచ్చు. మళ్లీ మొలవకుండా తీయడమే విద్య. తెలిసిన మనిషి కొమ్మల జోలికి పోడు. మొదలు దగ్గర మట్టి తవ్వి, కాండం వేరుగా మారే బుడిపె కింద తల్లివేరును తెంపుతాడు. చిగుళ్లు పుట్టేది ఆ బుడిపెలోనే. పెకలించిన పొదను తలకిందులుగా ఆరబెడతాడు, కొమ్మ తడినేలకు తగిలితే అక్కడా వేళ్లూనుతుంది కనుక. వాలంతా ఒక్కసారే బోడి చేయడు. చేస్తే మొదటి గట్టివానకే మట్టి వీధిలో ఉంటుంది. నాటడం ఆ తర్వాతి మాట. ఆరుద్ర కార్తె వానలకు నేల నానాక, గుంటకు పల్లం వైపున నెలవంకలా కట్ట వేస్తాడు. ఎగువ నుంచి జారే నీరు అక్కడ ఆగి ఇంకుతుంది. రేల గింజ పెంకు గట్టిది, గరుకు రాతి మీద రుద్ది నానబెడతాడు. రేలతో పాటు నాటే తంగేడు, బలుసు, కలివి, మోదుగ అన్నీ కొండజాతులే. వీటిని నర్సరీలో అడిగితే నవ్వుతారు. రాలిన ఆకు ఊడ్వనివ్వడు, ఇంట్లోవాళ్లతో పేచీ అంతా దానిమీదే. రేల ఆకుకు పచ్చని గొంగళిపురుగులు పట్టినా మందు కొట్టనివ్వడు, సీతాకోకచిలుకలయ్యేది అవే. బలుసు పండ్లకు వచ్చే పికిలిపిట్టలు విత్తనాలు చల్లే పని తామే చూసుకుంటాయి. మీ పెరడూ వాలు మీద ఉంటే, క్రోటన్లు కొనేముందు ఇలాంటి పనివాడి కోసం వాకబు చేయండి.