ఈ పూట కల్లు, ఈ ఊరి పాక

కల్లు ఆయుష్షు ఒక్క పూట. తెల్లవారుజామున దించితే తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేసరికి ఘాటెక్కుతుంది. పొద్దు వాలేసరికి పులిసిపోతుంది. మర్నాటికి నోట పెట్టలేం. పలాస స్టేషన్‌లో హౌరా రైలెక్కించి పంపామంటే అక్కడ దిగేసరికి అది వేరే సరుకు. అందుకని తాగాలనుకున్నవాడే చెట్టు దగ్గరికి నడిచి వెళ్లాలి. ఆ నడక వల్లే చెట్టుకు కూతవేటు దూరంలో ఒక తాటాకు పాక వెలిసింది. పాకలో నాలుగు బల్లలు పడ్డాయి. బల్లల మీద ఊరు కూర్చుంది. నిలవ ఉండకపోవడం సరుకుకు లోపమని వ్యాపారి అంటాడు. ఉద్దానం పల్లెల్లో నలుగురినీ ఒకచోట చేర్చినది ఆ లోపమే.

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల మీదుగా సముద్రం వెంబడి సాగే పచ్చటి పట్టీని ఉద్దానం అంటాం. ఈ నేల పేరు చెప్పగానే కొబ్బరి, జీడి, పనస గుర్తొస్తాయి. దిగువన టెక్కలి వైపు వస్తే నౌపడ ఉప్పు మడులు. ఈ పంటలకు మార్కెట్టు ఉంది, ధర ఉంది, పేపర్లో వార్త ఉంది. పొలం గట్టు మీద నిలబడ్డ తాటిచెట్టుకూ, బీడులో తనంత తాను మొలిచిన ఈతచెట్టుకూ అవేవీ లేవు. ఉన్నదల్లా వాటిని గీయడం తెలిసిన మనిషి.

మూడు చెట్లు, మూడు కాలాలు

ఇక్కడ కల్లిచ్చే చెట్లు మూడు. చలికాలం ఈతది. ఎండలు ముదిరేకొద్దీ తాటిది. పడమట మహేంద్రగిరి వైపు కొండలెక్కితే జీలుగుది.

ఈతచెట్టును కాండం మీదే గీస్తారు. మొవ్వుకు కింద ఒక పక్క మట్టలు కొట్టేసి, మెత్తటి భాగాన్ని పలచగా చెక్కుతారు. ఊరిన రసం చిన్న గొట్టం మీదుగా కుండలోకి జారుతుంది. గీసిన చెట్టుకు మధ్యలో కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతి తర్వాత తొలి గీతలో వచ్చే రసం అన్నిటికన్నా తియ్యన. ఒక ఏడు తూర్పు పక్క గీస్తే మరుసటి ఏడు ఎదురు పక్క గీస్తారు. అందుకే ముదురు ఈతచెట్టు కాండం ఎడమకూ కుడికీ వంకర్లు తిరిగి కనిపిస్తుంది. ఆ వంకలు లెక్కపెడితే దాన్ని ఎన్నేళ్లు గీశారో చెప్పొచ్చు.

తాటిచెట్టుకు కాండం ముట్టరు, గెలను గీస్తారు. తాళ్లలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. ముందు మగవి, తర్వాత ఆడవి కల్లిస్తాయి. అందువల్ల రెండూ ఉన్న ఊళ్లో పాక ఎక్కువ నెలలు నడుస్తుంది. తాడి గెల వేయడానికే పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత మూడు తరాలను చూస్తుంది. ఇవాళ ఒకరు గీస్తున్న తాడి వాళ్ల తాత నాటి చెట్టే అయి ఉంటుంది.

జీలుగు కథ వేరు. అది ఎదిగి ఎదిగి ఒక వయసులో నెత్తి మీద తొలి గెల వేస్తుంది. అక్కణ్నుంచి ఒక్కో మెట్టు కిందికి దిగుతూ గెలలు వేసి, చివరి గెలతో ఎండిపోతుంది. ఉన్నన్నాళ్లు తాటికన్నా ధారాళంగా కారుతుంది. మందస, మెళియాపుట్టి, సీతంపేట కొండల్లో సవర గిరిజనులు పండగలోనూ పెళ్లి మాటల్లోనూ ఈ కల్లుకు పెద్దపీట వేస్తారు. ఒడిశా సరిహద్దుకు అవతలి సవరల మతం గురించి 1955లో పుస్తకం వెలువరించిన వెరియర్ ఎల్విన్ ఈ చెట్టుతో వాళ్లకున్న అనుబంధాన్ని వివరంగా రాశాడు. ఒడిశాలో దీన్నే సలప అంటారు.

కత్తికి తెలిసిన విద్య

తాటిచెట్టు వందడుగుల దాకా పెరుగుతుంది. పట్టుకోవడానికి కొమ్మ ఉండదు. నడుమునూ మానునూ కలిపి చుట్టిన మోకు ఒకటి, పాదాలకు తగిలించిన బంధం ఒకటి, నడుముకు వేలాడే కత్తి, కుండ. మోకును పైకి విసరడం, ఒంటి బరువు దాని మీద వేయడం, పాదాలు పైకి లాక్కోవడం, మళ్లీ మోకు విసరడం. ఈ వరసలో ఒక్కటి తప్పినా ప్రాణం మీదికొస్తుంది.

ఎక్కడం ఇందులో సగం పనే. మిగతా సగం చేతి నేర్పు. లేత గెలను రెండు కర్రల మధ్య పెట్టి రోజూ కొంచెం నొక్కాలి. ఎక్కువ నొక్కితే చితికి కుళ్లిపోతుంది. తక్కువ నొక్కితే రసం దిగదు. కొన్ని రోజుల పాటు ఇలా నొక్కి, చీలికల్ని ఒక్కటిగా కట్టి, కొసను కోస్తే చుక్క కనిపిస్తుంది. ఆ తర్వాత పొద్దునా సాయంత్రమూ ఎక్కి కొసను సన్నటి పొర మాత్రం తీయాలి. రంధ్రాలు పూడుకోకుండా కొత్త గాటు పడాలి, కానీ గెల పొడవు వృథాగా తరగకూడదు. పొర మందమైతే రెండు నెలలు కారాల్సిన గెల నెలకే అయిపోతుంది. మంచి చేయి పడితే ఒక తాడి రోజుకు నాలుగైదు లీటర్లు ఇస్తుంది. ఇలాంటి చెట్లు పది గీసేవాడు రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగుతాడు.

ఉత్తరాంధ్రలో ఈ విద్య యాత, శెగిడి, శ్రీశయన కులాల చేతుల్లో నిలిచింది. పలాస, టెక్కలి ప్రాంతం గంజాం జిల్లాలో ఉన్న రోజుల్లో, 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ కులాల సంపుటాల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కల్లుగీత వృత్తివారిగా యాత వారి పేరు ఉంది. వందేళ్లు దాటిన ఆ నమోదుకన్నా విద్య ఎంతో పాతది. పుస్తకంలో చూసి నేర్చుకునేది కాదు. తండ్రి కింద నిలబడి చెబుతుంటే కొడుకు పొట్టి చెట్టెక్కి నేర్చుకునేది.

కుండలో ఏం జరుగుతుంది

గెల నుంచి కారేటప్పుడు అది కల్లు కాదు. నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉన్న తియ్యని నీరు. కుండ లోపల సున్నం పూస్తే పులియదు, నీరాగానే దిగుతుంది. దాన్ని కాస్తే తాటిబెల్లం. సున్నం పూయని కుండలో మాత్రం చెట్టు మీదే పని మొదలైపోతుంది. గాలిలోంచి, గెల మీంచి, నిన్నటి కుండ అడుగు నుంచి ఈస్ట్, బాక్టీరియా వచ్చి చేరతాయి. పెరుగుకు తోడు ఎలాగో కల్లుకు ఆ కుండ అడుగు అలాగ.

ముందు ఒక జాతి సూక్ష్మజీవులు రసాన్ని కొద్దిగా పుల్లబరుస్తాయి. ఆ పులుపులో హాయిగా పెరిగే ఈస్ట్, జైమోమోనాస్ అనే బాక్టీరియా కలిసి చక్కెరను ఆల్కహాలుగా మారుస్తాయి. బుడగలు లేస్తాయి, నురగ కడుతుంది, రంగు పాలనీళ్లలా తెల్లబడుతుంది. ఆల్కహాలు నాలుగైదు శాతానికి చేరుతుంది. ఆ తర్వాత మూడో జట్టు దిగి ఆల్కహాలును వెనిగర్ చేస్తుంది. ఎండ ముదిరితే ఇదంతా తొందరగా, చలిలో నిదానంగా సాగుతుంది. ఏ కుండ ఏ వేళకు ఎలా ఉంటుందో పాకలో పోసే మనిషికి వాసనతో తెలుస్తుంది. తీపి కోరేవాళ్లకు పొద్దుటిది, ఘాటు కోరేవాళ్లకు మధ్యాహ్నానిది.

ఇంగ్లండు పల్లెల్లో పబ్బు బీరుది దాదాపు ఇదే తీరు. పీపాలో పోశాక కూడా ఈస్ట్ బతికే ఉండి లోపల పులుస్తూనే ఉంటుంది. పీపా తెరిచాక కొద్ది రోజుల్లో తాగెయ్యాలి. ఎప్పుడు తెరవాలో, ఎంత చల్లగా ఉంచాలో తెలిసినవాడే మంచి పబ్బు యజమాని. 1960ల్లో పెద్ద బీరు కంపెనీలు ఈ బెడద వదిలించుకోవడానికి ఈస్ట్‌ను చంపి, వడకట్టి, గ్యాసెక్కించిన బీరు తెచ్చాయి. ఎక్కడికి పంపినా ఒకటే రుచి. అది నచ్చని నలుగురు స్నేహితులు 1971లో ఒక ఉద్యమం మొదలుపెట్టారు. రియల్ ఏల్ అని పిలుచుకున్న ఆ బతికున్న బీరునూ, దాన్ని పోసే ఊరి పబ్బులనూ కాపాడాలన్నది వాళ్ల పట్టు. కామ్రా అనే ఆ సంఘం నేటికీ ఉంది. బీరు, పబ్బు రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డాయని, ఒకటి చస్తే రెండోది నిలవదని వాళ్లు గ్రహించారు. ఆ మాట మన కల్లుకూ పాకకూ అక్షరాలా వర్తిస్తుంది.

పాకలో ఏం దొరుకుతుంది

జీడిపప్పు ఫ్యాక్టరీలో పని దిగినవాడు, కొబ్బరి దింపు ముగించినవాడు, వేట నుంచి వలతో వచ్చినవాడు, చిన్న రైతు, మేస్త్రీ అక్కడ చేరతారు. తాటాకు దొన్నెలోనో ముంతలోనో కల్లు, నంజుకోవడానికి ఎండుచేప, ఉడికించిన శనగలు. రాగానే మొదటి ప్రశ్న, “ఇయ్యేల ఏ సెట్టుది బావూ?” అని. జవాబుగా ఫలానా వారి గట్టు మీది తాడి అనో, చెరువు కాడి ఈత అనో వినిపిస్తుంది. ఏ సీసా మీదా అలాంటి చిరునామా ఉండదు. చెట్టూ తెలుసు, గీసినవాడూ తెలుసు, పోసినామె అతని ఇంటామె. అక్కడ నాణ్యతకు హామీ ఆ ముగ్గురే.

జీడిగింజల ధర ఎక్కడిదాకా వచ్చింది, ఎవరి పిల్ల పెళ్లికి ఎదిగింది, ముంబయి పనికెళ్లినవాళ్లలో ఎవరు తిరిగొచ్చారు, రేపు ఎవరి తోటలో కూలి ఉంది అన్నవి ముంత ఖాళీ అయ్యేలోపు తేలిపోతాయి. గట్టు తగువులు ఆవేశం తగ్గాక ఇక్కడే సర్దుబాటవుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి లక్షల కొబ్బరి, జీడి చెట్లను నేలకూల్చింది. ఏ ఇంటికి ఎంత నష్టం, ఎవరు ఎవరికి ఎన్ని చెట్లు నరికి తొలగించి సాయపడాలి లాంటి లెక్కలు చూసుకోవడానికి నలుగురు కూర్చునే చోటు పల్లెకు ఎంత అవసరమో అలాంటి రోజులే చెబుతాయి. అలాంటి గాలుల్లోనూ వేళ్లు లోతుకు దిగిన తాడి తట్టుకుని నిలబడుతుంది.

మత్తు సంగతి, కల్తీ సంగతి

కల్లు మత్తిచ్చేదే. దాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ మాట ముందుగా ఒప్పుకోవాలి. కూలి డబ్బు పాకలో వదిలి ఇంటికి ఉత్త చేతులతో వెళ్లినవాడి పెళ్లాం కన్నీటికి ఏ సంప్రదాయమూ జవాబు చెప్పలేదు. పైగా ఇది కిడ్నీ జబ్బుతో నలిగిన నేల. ఆ జబ్బు ఉన్నవాళ్లు ఏది తాగాలన్నా వైద్యుడి మాటే వినాలి.

అయితే అన్ని మత్తులూ ఒకటి కావు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డది సారా మీద. అది కాంట్రాక్టరు ఎక్కడినుంచో తెచ్చి, ప్యాకెట్లలో నింపి, ఎంత తాగితే అంత లాభమని వీధి వీధికీ పంపిన సరుకు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. నిలవ ఉండే సరుకును ఎంతైనా కాయవచ్చు, ఎంత దూరమైనా పంపవచ్చు, అర్ధరాత్రి కూడా అమ్మవచ్చు. కల్లుకు చెట్టు హద్దు, కాలం హద్దు, పూట హద్దు ఉన్నాయి. కుండలు ఖాళీ అయ్యాయంటే ఆ రోజుకు పాక మూసినట్టే.

ఈ హద్దులు చెరిపినచోటే విషం పుట్టింది. చెట్లు లేని నగరంలో ఏడాది పొడుగునా కల్లు దొరకాలంటే క్లోరల్ హైడ్రేటు, అల్‌ప్రజోలం లాంటి మత్తుమందులు కలపడానికి దిగుతారు. హైదరాబాద్ కూకట్‌పల్లిలో 2025 జూలైలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ తాగినవాడికి చెట్టు తెలియదు, గీసినవాడు తెలియదు. అసలు కల్లును పట్టే పరీక్ష మన పెద్దలు చెప్పిందే. పూటపూటకూ రుచి మారాలి, మర్నాటికి పులిసి తీరాలి. రెండు రోజులైనా ఒకేలా ఉందంటే దాన్ని పారబొయ్యండి.

ఎక్కేవాడు ఉంటేనే

నైజీరియా రచయిత ఆమోస్ టుటువోలా 1952లో వెలువరించిన నవలలో కథానాయకుడు రోజూ కల్లుతో స్నేహితులకు విందిస్తుంటాడు. ఒకరోజు అతనికి కల్లు గీసే మనిషి చెట్టు మీంచి పడి చనిపోతాడు. కల్లు ఆగగానే స్నేహితులు రావడం మానేస్తారు. చేసేది లేక అతను ఆ గీతగాణ్ణి వెతుక్కుంటూ మృతుల లోకానికి బయల్దేరతాడు. ఇది కల్పిత కథే అయినా మన ఊళ్ల రేపటి సంగతి అందులో ఉంది. ఎక్కేవాడు లేనినాడు కల్లుతో పాటు పాకలో కూడే నలుగురూ చెదిరిపోతారు.

మద్రాసు ప్రభుత్వపు 1886 ఆబ్కారీ చట్టం రోజుల నుంచి గీసేవాణ్ణి ప్రభుత్వాలు పన్ను కట్టేవాడిగా, లైసెన్సుదారుగా చూశాయి. విద్య ఉన్నవాడిగా చూసింది తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో మద్యం దుకాణాల్లో పది శాతం గీత కులాలకు కేటాయించారు. దాంతో కొన్ని కుటుంబాలకు ఆదాయం వచ్చింది, సంతోషమే. కానీ సీసా అమ్మే కౌంటరు వెనక కూర్చున్న కుర్రాడికి మోకు వేయడం రాదు. తెలంగాణలో 2024 జూలైలో కాటమయ్య రక్ష పేరుతో గీత కార్మికులకు భద్రతా పరికరాలు ఇవ్వడం మొదలైంది. పడిపోకుండా పట్టి ఉంచే అలాంటి తాళ్లూ బెల్టులూ ఉద్దానం పల్లెలకు ఇంకా ఎక్కువ అవసరం. ఎందుకంటే కొడుకును చెట్టెక్కనివ్వని తల్లి భయపడేది ఆ పడిపోవడానికే. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి మీద, నీరా మీద పని జరుగుతోంది. పొద్దుటి రసం నీరాగా, బెల్లంగా అమ్ముడైతే గీసేవాడికి మత్తుతో సంబంధం లేని రెండో రాబడి ఉంటుంది. పిల్లలూ ఆడవాళ్లూ దానికి కొనుగోలుదారులవుతారు.

ఊరు చేయగలిగింది కూడా ఉంది. ఇటుక బట్టీకి తాడిని అమ్మే ముందు, దాని స్థానంలో మరొకటి గెల వేయడానికి కనీసం పన్నెండేళ్లు పడుతుందని గుర్తుంచుకోవాలి. కొట్టిన ప్రతి తాడికీ నాలుగు టెంకలు గట్టున పాతాలి. కల్లు చెట్టున్న ఊళ్లోనే, చెట్టున్న కాలంలోనే అమ్మాలని సంఘాలు గట్టిగా నిలబడాలి. తాగేవాడు ముంత అందుకునే ముందు ఏ చెట్టుదని అడగడం మానకూడదు. ఆ ప్రశ్నకు జవాబు దొరికినంత కాలం కల్లులో కల్తీ ఉండదు, గీసినవాడి పేరు మరుగున పడదు, పాకలో పక్కన కూర్చున్నవాడు పరాయివాడు కాడు.