నూలుకు అలవాటైన చేతికి అవిసె నార

నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లే ఆడవాళ్ల చేతుల్లో ఆడేది ప్రధానంగా నూలు దారమే. 19వ శతాబ్దంలో మిషనరీల వెంట వచ్చిన ఆ పని గోదావరి పల్లెల అరుగుల మీద స్థిరపడింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ అల్లిక వచ్చిన చేయి దారాన్ని ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో చూడకుండానే పట్టేస్తుంది. అదే చేతికి అవిసె నార దారం, అంటే లినెన్, అందించండి. మొదటి వరసలోనే మొరాయిస్తుంది.

కారణం ఆ పోగు పుట్టుకలోనే ఉంది. పత్తి పోగు గింజ మీద మొలుస్తుంది. అవిసె నార కాండంలో నిలువునా పెరుగుతుంది. కాండాన్ని నీళ్లలోనో మంచు తడిలోనో నాననిచ్చి, జిగురు కుళ్లాక నార విడదీస్తారు. ఉత్తరాంధ్ర రైతులు గోగు కట్టలను చెరువులో నానేసి నార తీసేదీ ఇదే పద్ధతిలో. కాండాన్ని నిటారుగా నిలిపే నార కాబట్టి బలం జాస్తి, సాగుడు దాదాపు సున్న. ఉన్ని సాగి మళ్లీ ముడుచుకుంటుంది, నూలు కాస్తయినా సర్దుకుపోతుంది. నారలో ఒక కుట్టు బిగిస్తే పక్క కుట్టు దాన్ని కప్పిపుచ్చదు.

అందుకే క్రోషియా సూది ఒక సైజు పెద్దది తీసుకోవాలి. పట్టు వదులు చేయాలి. సాగని దారంతో మణికట్టు త్వరగా అలసిపోతుంది కనుక మధ్యమధ్య ఆపాలి. రెండు సూదుల అల్లికలో అయితే నున్నటి స్టీలు సూదుల మీద నార జారిపోతుంది, వెదురు సూదులు మేలు. ఒంటి పోగు దారంతో సాదా అల్లిక అల్లితే బట్ట ఒక పక్కకు వాలే ప్రమాదముంది. రెండు వైపులా ఒకేలా కనిపించే గార్టర్ అల్లికలో ఆ బెడద తక్కువ. ముడులు కూడా జారతాయి. కొసలు జానెడు వదిలి, అల్లికలోకి అటూ ఇటూ కుట్టెయ్యాలి.

అసలు పరీక్ష అల్లిక అయ్యాక మొదలవుతుంది. అరచేయంత నమూనా ముక్క అల్లి, కొలిచి రాసుకోండి. అప్పటికది గోనెపట్టాలా గరుగ్గా ఉంటుంది, అంచులు ముడుచుకుంటాయి. చాలామంది ఇక్కడే పక్కన పడేస్తారు, అది తొందరపాటు. వేడినీళ్లలో సబ్బుతో ఉతికి, తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేయండి. కుట్లు తేటగా విచ్చుకుంటాయి, ఎగుడుదిగుళ్లు చాలావరకు సద్దుమణుగుతాయి, ముక్క వేళ్ల మీద మెత్తగా వాలుతుంది. అప్పుడు మళ్లీ కొలవండి. బట్టకు లెక్క కట్టాల్సింది ఈ రెండో కొలతతోనే. ఉన్ని తడిస్తే బలం తగ్గుతుంది, నారకు తడిస్తే బలం పెరుగుతుంది. ఉతికిన కొద్దీ మెత్తబడుతుంది కూడా.

సాక్సులకు, స్వెటర్ చేతుల పట్టీలకు నార పనికిరాదు. సాగిన చోట అలాగే వేలాడిపోతుంది. జాలీ అల్లికకు, టేబుల్ గుడ్డలకు, వేసవి పైబట్టలకు మాత్రం దీని ముందు యాక్రిలిక్ నిలవదు. చెమట పీల్చి త్వరగా ఆరే దారం మన ఎండలకు కావాలి. ఇన్నేళ్లుగా చలిదేశాల నమూనాలు చూసి, చెమట పీల్చని యాక్రిలిక్ దారంతో అల్లుకుంటూ వచ్చాం. చేతనైన అల్లిక మన దగ్గరుంది, దానికి తగిన దారాన్ని ఎంచుకునే చొరవే తక్కువ.

ధర నూలు కంటే ఎక్కువే. కాబట్టి ముందు ఒక్క చిలప కొనండి. ముక్క అల్లి, ఉతికి, ఆరాకే దాని మీద తీర్పు చెప్పండి.