చామనచాయ అయినా...

మన వారపత్రికల నవలల్లో కథానాయిక గుమ్మం దాటి లోపలికి వచ్చిందంటే చాలు, ఆమె ఒంటిరంగు చెప్పందే కథ ముందుకు సాగదు. పచ్చటి పసిమి అయితే గొడవే లేదు, ఒక్క ముక్కలో తేలిపోతుంది. చామనచాయ అయితే మాత్రం వాక్యం అక్కడితో ఆగదు. చామనచాయ అయినా కళగల మొహం. రంగు చామనచాయే గానీ కళ్ళు చారెడేసి. చామనచాయ అయితేనేం, నలుగురిలో నిలబడితే ఆమే కనిపిస్తుంది. పాపం, ఆ పిల్ల ఇంకా నోరైనా విప్పలేదు. ఏం నేరం చేసిందని ఆమె తరఫున ఈ సంజాయిషీ?

ఆ మాట పుట్టుక తెలిస్తే దాని పక్కన "అయినా" పెట్టడానికి చెయ్యి రాదు.

చామదుంప పొట్టు రంగు కాబట్టి చామనచాయ అయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది అసలు చేమదుంప, తమిళుల శేప్పంగిళంగుకి చుట్టం. మన చామన వేరే వంశం. సంస్కృతంలోని శ్యామ తెలుగువాళ్ళ నోట పడి చామ అయింది, దాన్నుంచే చామన. మనం సామలనీ చామలనీ పిలుచుకునే చిరుధాన్యం కూడా ఇలాగే శ్యామాకంలోంచి వచ్చింది. ఇక ఛాయ ఒత్తు పోగొట్టుకుని చాయ అయింది. ముందుమాట తద్భవమైనప్పుడు వెనకమాట కూడా తద్భవంగా ఉంటేనే జంట కుదురుతుందని నేను ఒత్తు లేకుండా రాస్తాను. ఒత్తు పెట్టి రాసేవాళ్ళతో నాకేం తగవు లేదు.

మన పద్యకవులకైతే చామ అంటే ఏకంగా స్త్రీయే. కొమ్మ, లేమ, చాన అన్నట్టే చామ. ఇది ఎక్కణ్ణించి వచ్చిందో చూడాలంటే కాళిదాసు మేఘసందేశం దగ్గరికి వెళ్ళాలి. యక్షుడు తన భార్యని ఎలా గుర్తుపట్టాలో మేఘానికి చెబుతూ, సన్నగా ఉంటుందన్న వెంటనే వాడిన మాట శ్యామ. మన మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి దానికి వ్యాఖ్య రాస్తూ, శ్యామ అంటే నడియౌవనంలో ఉన్న యువతి అన్నాడు. రంగు ఊసే ఎత్తలేదు. విరహంలో ఉన్న మగవాడు బ్రహ్మ తొలిసారి చేసిన ఆడబొమ్మలా ఉంటుందని తన భార్యని వర్ణిస్తూ ఆ మాట వాడాడంటే, అది క్షమాపణ కోసం కాదు కదా!

శ్యామ ఎవరన్నదానికి సంస్కృతంలో ఇంకో పాత నిర్వచనం ఉంది. చలికాలంలో ఒళ్ళు వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉండి, కరిగిన బంగారం రంగులో ఉండేది శ్యామ అట. (ఈ రోజుల్లో అలాంటి అద్దె ఇల్లు దొరకడమే గగనం, ఇక మనిషి మాట చెప్పాలా!) వేళాకోళానికేం గానీ, ఆ బంగారం మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. శ్యామ అనగానే మనకి తోచేది మేఘం నలుపు, గరికపోచ ముదురాకుపచ్చ. రాముణ్ణి పాడుకునేది ఆ రంగులతోనే. ఆ మాటలోనే కరిగిన బంగారం కూడా ఇమిడిందంటే, అందులో ముదురుతనంతో పాటు లోపలినుంచి వచ్చే ఎర్రటి వెచ్చదనం కూడా ఉందన్నమాట. తెలుగు చామన పట్టుకున్నది ఆ వెచ్చదనాన్నే. నలుపూ కాదు, తెలుపూ కాదు అని రెండు "కాదు"లతో దానికి అర్థం చెప్పడం నాకు నచ్చదు. అది ఉన్న రంగు, లేని రంగు కాదు.

కవులు ఎప్పుడూ అతిశయంగానే చెబుతారంటారా? అయితే వైద్యుణ్ణి అడుగుదాం. చరకసంహితలో ఇంద్రియస్థానమనే భాగం ఉంది. మనిషి శరీరానికి సహజమైన రంగులుగా అక్కడ పేరు పెట్టి చెప్పినవి నాలుగు: కృష్ణం, శ్యామం, శ్యామావదాతం, అవదాతం. అంటే నలుపు, చామన, చామన కలిసిన తెలుపు, తెలుపు. ఇది ఎక్కువ, అది తక్కువ అని లేదు. రోగలక్షణంగా వచ్చే రంగులు విడిగా చెప్పి, వాటిలో నీలంతో పాటు శుక్లం, అంటే పాలిపోయిన తెలుపుని కూడా చేర్చాడు. పెళ్ళిచూపులకి వెళ్ళే అత్తగార్ల చేత ఆ ఒక్క పేజీ చదివిస్తే బాగుండును.

ఇంకో చిత్రం గమనించారా? చామనచాయ అన్న మాట మనుషులకి తప్ప దేనికీ వాడం. చామనచాయ చీర చూపించమని ఏ బట్టల కొట్లోనూ ఎవరూ అడగరు. అక్కడ నశ్యం రంగు, వక్కపొడి రంగు, కాఫీపొడి రంగు, ఇటుక రంగు అంటాం. చీర విషయంలో ఎన్ని తేడాలు పడతాం! కాఫీపొడి రంగు తీసిచ్చిన కుర్రాడితో "ఇంత ముదురు కాదు బాబూ, అందులో కాస్త ఎరుపు కొట్టాలి" అని అరగంట బేరం పెడతాం. అదే కళ్ళు ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి మొద్దుబారిపోతాయి. వక్కలాంటి పిల్లా, తేనెలాంటి పిల్లా, కాల్చిన ఇటుకలాంటి పిల్లా అందరూ ఒక్క చామనచాయ కిందికే వస్తారు. పైగా పెళ్ళి సంబంధాల్లో ఆ మాట అబద్ధానికి ముసుగు కూడా అయింది. పిల్ల నల్లగా ఉంటే ఆడపెళ్ళివారు చామనచాయ అంటారు. పిల్ల నిజంగా చామనచాయే అయితే మగపెళ్ళివారు నలుపంటారు. మధ్యలో మాట అరిగిపోయింది.

1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. అదే ఏడాది షాదీ డాట్ కామ్ కూడా ఒంటిరంగును బట్టి సంబంధాలు వెతుక్కునే వీలు ఎత్తేసింది. క్రీముల వాళ్ళూ సంబంధాల వాళ్ళూ ఈపాటి సర్దుకుంటే, మన నవలల్లో "అయినా" మాత్రం కదలకుండా కూర్చుంది.

అది భాషలో లోపం కాదు, చూడడంలో బద్ధకం. కథలో ఒక పిల్ల చామనచాయగా ఉందని రాశారంటే నాకు ఆ చాయ కనబడాలి. పొద్దుటెండ ఆ చెంప మీద పడితే ఏమవుతుంది? పసుపు రాసుకున్న రోజున ఎలా ఉంటుంది? సిగ్గుతోనో కోపంతోనో రక్తం పొంగితే ఆ రంగు కిందినుంచి ఎలా తోస్తుంది? ఇవి రాయడం కష్టం. "అయినా" అని రాసేసి కళ్ళ దగ్గరికి వెళ్ళిపోవడం తేలిక.

ఈసారి సీరియల్ చదివేటప్పుడు ఒక పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. చామనచాయ వచ్చినచోటల్లా పక్కనున్న అయినా, కానీ, అయితేనేంలు కొట్టేసి వాక్యాన్ని మళ్ళీ చదవండి. చాలాచోట్ల వాక్యం హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. కొన్నిచోట్ల కూలిపోతుంది. ఆ రచయిత్రికి చెప్పడానికి ఇంకేమీ లేదని అప్పుడు తెలుస్తుంది. అన్నట్టు, హీరో నల్లగా ఉన్నాడని రాసినచోట ఆ పెన్సిల్‌కి పెద్దగా పని తగలదు.