డచ్చి భాషలో 'వోర్డెన్' క్రియ: వ్యుత్పత్తి, ప్రయోగములు

డచ్చి భాషలో 'వోర్డెన్' అను క్రియ నిత్యవ్యవహారమున పదే పదే వినవచ్చునది. దీనికి 'అగు' అని అర్థము చెప్పి విడుచుట పరిపాటి. ఆ యర్థము తప్పు కాదు. కాని చాలదని మా యభిప్రాయము.

మొదట వ్యుత్పత్తిని పరిశీలింతము. గోతిక్ భాషలోని 'వేర్థన్', జర్మనులోని 'వేర్డెన్', లాటినులోని 'వెర్తెరే', సంస్కృతములోని 'వృత్' ధాతువు దీనికి జ్ఞాతులు. మూలార్థము 'తిరుగుట'. సంస్కృత తకారమునకు డచ్చిలో దకారము వచ్చుట 'త్రయః', 'డ్రీ' అను సంఖ్యావాచకములలోను కానవచ్చును. ఈ వర్ణపరిణామక్రమమును గ్రిమ్ పండితుడు 1822లో నిరూపించెను. తిరుగుట నుండి మాఱుట, మాఱుట నుండి అగుట యను నర్థములు జర్మానిక్ శాఖలో పుట్టినవి. సంస్కృతమున 'వర్తతే' యనునది ఉండుట, జరుగుట యను నర్థముల వైపు మఱలినది. మన 'వర్తించు', 'వర్తనము' ఆ త్రోవలోనివే.

ఇక ప్రయోగము. 'ఇక్ వోర్ట్ జీక్' అనగా 'నేను జబ్బు పడుచున్నాను'. 'డె బ్రీఫ్ వోర్ట్ ఖెస్ఖ్రేవెన్' అనగా 'జాబు వ్రాయబడుచున్నది'. ఇచట రెంటను తెలుగున 'పడు' ధాతువే వచ్చుట గమనింపదగినది. ఒక స్థితిని పొందుటకును, కర్మణి ప్రయోగమునకును ఒకే క్రియ చాలుట ఉభయభాషలకు సమానము. కాని ఉపాధ్యాయుడగుట, ధనవంతుడగుట మొదలగు చోట్ల డచ్చిలో 'వోర్డెన్' నిలుచును. తెలుగున 'పడు' తొలగి 'అగు' వచ్చును. కావున 'వోర్డెన్' మన రెండు ధాతువుల పని నొక్కటియే చేయుచున్నది. క్రియ ముగిసినపుడు మాత్రము 'డె బ్రీఫ్ ఇజ్ ఖెస్ఖ్రేవెన్' అని 'ఉండు' క్రియ వచ్చును. జర్మను భాష భవిష్యదర్థమునకు 'వేర్డెన్' క్రియనే వాడగా, డచ్చి అందులకు 'జుల్లెన్' అను వేఱు క్రియను గ్రహించినది.

'ఎర్ వోర్ట్ ఖెలాఖెన్' అను వాక్యము మఱింత ఆసక్తికరము. నవ్వువా రెవరో చెప్పక నవ్వుట జరుగుచున్నదని మాత్రమే దీని భావము. ఇది సంస్కృతమున 'హస్యతే' యను భావే ప్రయోగమును తలపించును. తెలుగున 'నవ్వబడుచున్నది' యన వీలులేదు. అయినను ఈ సామ్యమును ధాతుబాంధవ్యమునకు ఫలముగా నెంచరాదు. సంస్కృతమున 'య' ప్రత్యయము చేయు పనిని డచ్చిలో సహాయక్రియ చేయుచున్నది. రెండు నిర్మాణములు వేఱు. మఱి జ్ఞాతిత్వమే లేని తెలుగు 'పడు' ఇంకొక చోట 'వోర్డెన్'తో నేకీభవించుట చూచితిమి.

ధాతువుల చుట్టఱికము వేఱు, ప్రయోగముల పోలిక వేఱు. వర్ణనియమము మొదటిదానికి సాక్ష్యము, వాక్యము రెండవదానికి. ఒకదాని సాక్ష్యమును వేఱొకదానికి చూపినచో భాషాచరిత్ర తాఱుమా ఱగును. పరిశోధకు లీ భేదమును మఱువరాదు.