ఆలస్యమే దిశ

తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో ఒక మైదానం నిండా యాంటెనాలు కనిపిస్తాయి. వరుసకు 32 చొప్పున 32 వరుసలు, మొత్తం 1,024. పైనున్న గాలుల కదలికను పసిగట్టే ఎంఎస్‌టీ రాడార్ అది, పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ దగ్గర. బీటెక్ రోజుల్లో చూడబోయినప్పుడు నా కళ్లు తిరిగే డిష్ కోసం వెతికాయి. అక్కడ ఏదీ తిరగదు. యాంటెనాలు ఉన్నచోటే ఉంటాయి, బీమ్ మాత్రం ఆకాశంలో పక్కకు మళ్లుతుంది. ఆ ఆశ్చర్యమే నన్ను ఈ వృత్తిలోకి తెచ్చింది. ఇప్పుడు అదే పనిని 5జీ కోసం గోరంత చిప్పులతో చేయిస్తున్నాను.

చెరువు గట్టున పిల్లలు వరుసగా నిలబడి ఒకేసారి రాళ్లు వేస్తే అలలు కలిసి ఎదురుగా సాగుతాయి. ఒకరి తర్వాత ఒకరు రవ్వంత ఆగి వేస్తే ఆ అల ఏటవాలుగా, చివర వేసినవాడి వైపు మళ్లుతుంది. 1905లోనే కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ మూడు యాంటెనాలతో రేడియో తరంగాన్ని ఇలా మళ్లించి చూపించాడు.

5జీకి కేటాయించిన 26 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సెంటీమీటరు పైచిలుకు. గాదంకిలో ఉన్నన్ని యాంటెనాలూ జానెడు పలక మీద సరిపోతాయి. కానీ అంత పొట్టి తరంగాన్ని గోడ ఆపేస్తుంది, చెట్టు ఆకులు ఆపేస్తాయి, ఫోన్ పట్టుకున్న చెయ్యి కూడా ఆపేస్తుంది. అందుకే శక్తిని నలుదిక్కులా చల్లకుండా మనిషి ఉన్న వైపే పంపాలి. 64 యాంటెనాలు లెక్క తప్పకుండా కలిస్తే, మొత్తం పవర్ పెంచకుండానే ఆ దిశలో సిగ్నల్ 64 రెట్లవుతుంది. పక్కవాళ్లకు అంతరాయమూ తగ్గుతుంది.

బీమ్‌ను 30 డిగ్రీలు మళ్లించాలంటే పక్కపక్క యాంటెనాల మధ్య ఉండాల్సిన ఆలస్యం, సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో సుమారు పది ముక్కలు. తరంగం ఫేజ్‌ను, అంటే దశను, జరిపే ఫేజ్ షిఫ్టర్లు చిప్పులో ఆ పని చేస్తాయి. అయితే బోర్డు మీద రాగి గీత అర మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, ఫేజ్ పాతిక డిగ్రీల దాకా తప్పుతుంది. చిప్పు వేడెక్కితే ఆ ఫేజ్ ఇంకాస్త పక్కకు జరుగుతుంది. అందుకే ఒక్కో యాంటెనాకు వెళ్లే ప్రతి దారినీ విడిగా కొలిచి సరిదిద్దాలి. కాలిబ్రేషన్ అంటే ఇదే. మా పనిలో సగం ఓపిక దీనికే పోతుంది.

ఒకసారి మా బీమ్‌కు పక్కన మరో చిన్న బీమ్ లేచి ఎంతకీ అణగలేదు. మూడు రోజులు కోడ్ తిరగరాశాను. మా సీనియర్ వచ్చి, "ముందు కొలిచి చూడవయ్యా, కోడ్ తర్వాత ముట్టుకుందువు గాని" అన్నారు. కొలిస్తే తేలింది: ఒక కనెక్టర్ బిగుసుకోలేదు. దాని వల్ల ఒక చానల్ లెక్కంతా తప్పుగా నమోదైంది. ఆ రోజు నుంచి కొలవకుండా ఏ అంకెనూ నమ్మలేదు.

ఈసీఈ చదివే పిల్లలకు నా మాట ఒక్కటే. యాంటెనా అరే సూత్రాన్ని పరీక్షలో బాగానే రాస్తారు. దానితో ఆగకండి. రెండే రెండు యాంటెనాలు తీసుకుని, వాటి మధ్య ఫేజ్‌ను ఒక్కసారైనా మీ చేత్తో కొలవండి. వీలైతే అనుమతి తీసుకుని గాదంకి వెళ్లి, ఆ మైదానం ముందు కాసేపు నిలబడి రండి.